పెట్టెలో చెవి లేదు

ముందే ఒకటి ఒప్పుకుంటాను. ఈ కథలో ‘ఆమె’ అని వచ్చిన చోటల్లా అది నేనే. మొదట ‘నేను’ అనే మొదలుపెట్టాను. మూడు వాక్యాలు రాశాక నా తల దానంతటదే గోడ వైపు తిరిగింది. కొట్టేసి ‘ఆమె’ అని రాస్తే చెయ్యి హాయిగా సాగింది. ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చదివినదాన్ని. ఆ గోడ మీది పెట్టెలో ఏముందో, ఏం లేదో స్క్రూలతో సహా అప్పజెప్పగలను. అలాంటి నాకే ఇలా ఉంటే మీకెలా ఉంటుందో ఊహించుకోగలను. నవ్వొస్తే నవ్వుకోండి. కాస్త మెల్లిగా.

*

ఆమెని ఆ భవనంలో అందరూ రిపేరమ్మ అనేవాళ్ళు. ఇరవై నాలుగేళ్ళ పిల్లకి ఇంత పెద్దరికం పేరేంటని మొదట్లో చిరాగ్గా ఉండేది, తర్వాత అలవాటైపోయింది. మెట్ల మీద ఆమె టూల్ బ్యాగు గలగలలాడగానే ఒక ఇంటి నించి పక్కింటికి గోడ మీద రెండు తట్లు వెళ్ళేవి. ఆమె తలుపు కొట్టేసరికి లోపల మాటలు ఆగిపోయి, అందరూ ఏదో ఒక పనిలో ఉన్నట్టు కనిపించేవాళ్ళు. ఒకసారి ఒకాయన కంగారులో కుళాయి తిప్పడం మర్చిపోయి, పొడి గిన్నెని పొడి చేతుల్తో కడుగుతూ దొరికాడు.

ఆమె ఉద్యోగం వాణి శాఖలో. ప్రతి ఇంట్లోనూ ముందుగది గోడకి, స్టూలెక్కితే అందే ఎత్తులో, బూడిద రంగు పెట్టె ఒకటి ఉంటుంది. పొద్దున్న ఆరింటికి తనే మాట్లాడటం మొదలుపెడుతుంది, రాత్రి పదింటికి తనే ఆపుతుంది. గొంతు తగ్గించుకోడానికి పక్కన ఒక బొత్తాం ఉంది. ఎంత తిప్పినా తగ్గుతుందే గానీ పోదు. అధినేత నిన్న ఏమన్నారో, ఇవాళ ఏమంటారో, ఎక్కడ ఎన్ని టన్నుల ఉక్కు కరిగిందో, ఏ విద్రోహి ఎక్కడ దొరికాడో అన్నీ అదే చెబుతుంది. ఇంత చెప్పేది వినకుండా ఉంటుందా అన్నది జనం నమ్మకం. వింటుందని శాఖ ఎప్పుడూ చెప్పలేదు. వినదని కూడా చెప్పలేదు.

ఆ సోమవారం ఆమెకి పద్దెనిమిది పెట్టెలు రాసిచ్చారు. సీలు తెంపడం, నాలుగు స్క్రూలు విప్పి మూత తీయడం, బ్రష్షుతో బూజు దులపడం, తీగలు అతికిన చోట మీటరు పెట్టి చూడటం, వదులైతే సోల్డరింగ్ చెయ్యడం, మూసి మళ్ళీ సీలు వెయ్యడం. ఒక్కోదానికి పదకొండు నిమిషాలు. సగం ఇళ్ళల్లో జాలీ వెనక ఏదో ఒకటి కుక్కి ఉండేది. దూది, పాత రుమాలు, ఒకచోట ముచ్చటగా మడిచిన పసిపిల్ల టోపీ. నిబంధన ప్రకారం వాటి గురించి రిపోర్టులో రాయాలి. ఆమె వాటిని తీసి, ఇంటివాళ్ళ కళ్ళల్లోకి చూడకుండా వాళ్ళ చేతిలో పెట్టేసి, రిపోర్టులో ‘దుమ్ము’ అని రాసేది. ఆమె రిపోర్టులు చదివినవాళ్ళకి అంత దుమ్ము పట్టిన ఊరు ప్రపంచంలో ఇంకోటి లేదనిపించాలి.

చివరి ఇల్లు తాముండే మూడో అంతస్తులోనే, ఎదురింటి మామ్మది.

“రావే రిపేరమ్మా. మా అల్లుడికి మళ్ళీ జలుబు చేసినట్టుంది, గొంతు బొంగురుపోతోంది,” అంది మామ్మ.

మామ్మ పెట్టెని అల్లుడనేది. ఇంట్లో తిష్ట వేస్తాడు, వాగుతూనే ఉంటాడు, పొమ్మనలేం, మర్యాద తగ్గించలేం, మరి అల్లుడు కాకపోతే ఎవరని ఆవిడ లెక్క. రోజూ పొద్దున్నే దానికి నమస్కారం పెట్టి, “దీర్ఘాయుష్మాన్ భవ” అనేది, వినపడేట్టుగా.

మూత తీస్తే లోపల ఊలు మేజోడు ఉంది. ఆమె దాన్ని రెండు వేళ్ళతో పైకెత్తింది.

మామ్మ ఆమె చెవి దగ్గరికి వచ్చి, ఊపిరి కంటే తక్కువ గొంతుతో అంది: “చలేస్తుందేమోనని.”

‘దుమ్ము’ అని రాసుకుని ఆమె స్టూలు దిగింది.

*

ఉద్యోగం వచ్చినప్పటి నించీ ఆమె ఉండేది పిన్ని వాళ్ళింట్లోనే. పిన్ని బట్టలు కుడుతుంది. బాబాయి బస్సు డిపోలో మెకానిక్కు. కూతురికి ఏడేళ్ళు. పొద్దున లేచిన దగ్గర్నించి కిచకిచలాడుతూనే ఉంటుందని దానికి పిచ్చుక అని పేరు.

ఇప్పుడు ఆ ఇంట్లో కుట్టు మిషను, గోడ మీది పెట్టె తప్ప ఇంకేదీ చప్పుడు చెయ్యడం లేదు. బాబాయిని డిపో నించి తీసుకెళ్ళి పన్నెండు రోజులైంది. అంతకు ముందు శనివారం వాలు రోడ్డులో బస్సు ఒకటి బోల్తా పడి పదిహేను మంది పోయారు. విద్రోహులు బ్రేకు గొట్టాలు కోశారని పెట్టె చెప్పింది. బాబాయి డిపోలో ఏమీ అనలేదు. ఇంటికొచ్చి, ఆదివారం భోంచేస్తూ, కంచంలోకి చూస్తూ ఒక మాట అన్నాడు. బుధవారం ఇద్దరు వచ్చి, మాట్లాడే పనుందని పిలుచుకుపోయారు. చేతికున్న గ్రీజు కడుక్కోనివ్వలేదు.

“పెట్టె వినేసిందే,” అని పిన్ని ఆ రోజు ఒకే ఒక్క మాట అంది, అది కూడా దుప్పటి కప్పుకుని. పిచ్చుక ఆ దుప్పటి కిందే ఉంది. అప్పటి నించి పిచ్చుక ఇంట్లో నోరు విప్పలేదు.

ఆ ఇంట్లో ఇప్పుడు మాటలన్నీ గుడ్డ మీదే. పిన్ని దగ్గర బట్ట మీద గీతలు గీసే నీలం సుద్ద ఉంటుంది. మిషను బల్ల మీద నల్ల లైనింగ్ గుడ్డ పరిచి దాని మీద రాస్తుంది, అవతలివాళ్ళు చదవగానే అరచేత్తో తుడిచేస్తుంది. ఆ సోమవారం సాయంత్రం రాసింది: ‘ఠాణా కిటికీ దగ్గర ఇవాళ కూడా అదే మాట. అలాంటి పేరు గలవాడు ఇక్కడ లేడంట.’

ఆమె సుద్ద తీసుకుంది. ‘తిన్నావా?’ అని రాసింది. పిన్ని దాన్నీ తుడిచేసింది.

పిచ్చుక గోడకి ఆనుకుని కూర్చుని, బడి నించి తెచ్చుకున్న కాపీ పుస్తకాన్ని ఒళ్ళో పెట్టుకుని, అందులో అతికించిన ఎర్ర కాగితం నక్షత్రాన్ని వేలితో తడుముతోంది. దస్తూరీ పుస్తకం అది. వారానికి రెండుసార్లు అరపేజీ రాసి, తల్లి సంతకం పెట్టించుకుని తీసుకెళ్ళాలి. రాత గుండ్రంగా ఉంటే నక్షత్రం. పిచ్చుక రాత చాలా గుండ్రంగా ఉంటుంది. పిన్ని మిషను తొక్కుతూనే చెయ్యి చాపి కూతురి బుగ్గ నిమిరింది. బుగ్గ మీద నీలం మరక పడింది.

*

మంగళవారం సాయంత్రం గాలికి తలుపు విసురుగా పడింది. పిచ్చుక వేళ్ళు సందులో ఉన్నాయి.

కేక రాలేదు.

ఆమె పరుగెత్తుకెళ్ళి తలుపు లాగేసరికి పిచ్చుక నోరు బార్లా తెరుచుకుని ఉంది, మొహం ఎర్రగా కందిపోయింది, రెండో చెయ్యి నోటి మీద అడ్డంగా ఉంది. తన కేకని తనే అరచేత్తో లోపలికి తోసుకుంటోంది. కళ్ళు మాత్రం పెట్టె మీదే ఉన్నాయి. పిన్ని కూతురి వేళ్ళని చెంబులో ముంచి, తనూ పెదాలు బిగబట్టి, వెనక్కీ ముందుకీ ఊగుతోంది. ముగ్గురూ ఊపిరాడనట్టు ఉన్నారు. పైన పెట్టె మాత్రం నిదానంగా, ఈ దేశంలో బాలలంత ఆనందంగా ఇంకెక్కడా లేరని చెబుతోంది.

ఆమె వెళ్ళి టూల్ బ్యాగు తెచ్చింది. స్టూలు గోడ దగ్గరికి లాగింది.

“పిచ్చుకా, ఇలా రా. ఎక్కు.”

మామూలు గొంతుతోనే అంది. పదమూడు రోజుల తర్వాత ఆ గదిలో మామూలు గొంతు పెద్ద పళ్ళెం కింద పడ్డట్టు వినిపించింది. పిన్ని చేతులు ఊపుతూ వద్దు వద్దని సైగలు చేసింది.

“ఊరుకో పిన్నీ. రోజుకి పద్దెనిమిది విప్పుతాను. నాకు తెలీదా?” సీలు తెంపి, స్క్రూలు ఒక్కోటీ పిచ్చుక బాగున్న చేతిలో పెట్టింది. మూత తీసింది. “చూడు. ఇది నల్ల గిన్నెలా ఉంది కదా, ఇది స్పీకరు. దీని వెనక ముద్ద అయస్కాంతం. ఇదేమో ట్రాన్స్‌ఫార్మరు. ఈ రెండు తీగలూ బైటి నించి మాటలు మోసుకొస్తాయి. అయిపోయింది. ఇంకేమైనా కనిపిస్తోందా?”

పిచ్చుక చాలాసేపు చూసింది. పెదాలు కదిలాయి. “చెవేదీ?”

“లేదు.”

“వెనకాల?”

“వెనకాల గోడ. చెయ్యి పెట్టి చూసుకో.”

పిచ్చుక వేలు పెట్టి గోడని గీకి, వేలికంటిన సున్నాన్ని పరీక్షగా చూసుకుంది. “మరి నాన్నని ఎలా పట్టుకెళ్ళింది?”

“దీనికి కాళ్ళున్నాయా, చేతులున్నాయా? ఇదెలా పట్టుకెళ్తుందే మొద్దూ?”

పిచ్చుక గిన్నెలోకి తల దూర్చినంత దగ్గరగా వెళ్ళి అరిచింది: “మా నాన్నని పంపించెయ్!”

పెట్టె బొగ్గు ఉత్పత్తి వివరాల్లోకి వెళ్ళింది. ఏమీ జరగలేదు. పిచ్చుక ఇంకోసారి అరిచింది. ఇంకోసారి. నాలుగోసారికి అది అరుపు కాదు, పాటైపోయింది. స్టూలు మీద గెంతుతోంది. వెనకాల పిన్ని నేల మీద కూలబడి ఏడుస్తోంది, గొంతెత్తి. అంత సన్నటి మనిషికి అంత పెద్ద గొంతుందని ఆమెకి అప్పుడే తెలిసింది.

“ఏమన్నాడే ఆయన? ‘బ్రేకు గొట్టాలు పంపండ్రా అంటే అధినేత బొమ్మలకి రంగు డబ్బాలు పంపారు, రేపు రంగు చూసి బస్సు దానంతటదే ఆగుతుందేమో’ అన్నాడు. అంతేగా! నవ్వుతూ అన్నాడు. డిపోలో కూడా అనలేదు. ఈ నాలుగు గోడల మధ్య అన్నాడు!”

మరి బైటికెలా తెలిసింది అని అప్పుడు ఎవరూ అడగలేదు. గొంతులు అప్పుడే దొరికాయి. ముందు వాటిని వాడుకోవాలి.

*

రహస్యం దాచమని పిచ్చుకకి ఎవరూ చెప్పలేదు. చెప్పినా దాచేది కాదు.

బుధవారం మధ్యాహ్నానికి మామ్మకి తెలిసింది. సాయంత్రానికి మూడో అంతస్తు మొత్తానికీ తెలిసింది. పని నించి వస్తూ ఆమె మెట్ల మీదే ఆగిపోయింది. భవనం గోలగా ఉంది. రెండో అంతస్తులో మొగుడూ పెళ్ళాలు కిటికీలు తెరుచుకుని మరీ దెబ్బలాడుకుంటున్నారు. ఎవరో శ్రుతి లేకుండా పాడుతున్నారు. కింద ఒక ముసలాయన వాలు రోడ్డు బస్సులో పోయిన తన తమ్ముడి పేరు పెట్టి, గుక్క తిప్పుకోకుండా ఎవరితోనో చెబుతున్నాడు. ఎదురింటి తలుపు బార్లా తీసుంది.

“ఓరి అల్లుడా! ఏడేళ్ళ బట్టీ మొద్దు స్పీకరుగాడివి నాచేత దండాలు పెట్టించుకున్నావు కదరా! నీ నోరు పడిపోను!”

“మామ్మా, మెల్లిగా,” అంది ఆమె, నవ్వాపుకుంటూ.

“ఎందుకే మెల్లిగా? దానికి చెవులు లేవన్నావుగా. నాకూ సరిగ్గా లేవు. ఇద్దరికీ చెల్లు.”

ఇంట్లో పిన్ని నవ్వుతోంది. నవ్వు పూర్తిగా రాలేదు గానీ దారి వెతుక్కుంటోంది. పిచ్చుక దస్తూరీ పుస్తకం తెచ్చి తల్లి మోకాలు మీద పెట్టింది.

“అమ్మా, సంతకం.”

“అబ్బ, ముత్యాల్లా ఉన్నాయే అక్షరాలు!” అంది పిన్ని. చేతిలో సగం కుట్టిన చొక్కా పట్టుకునే, పేజీ కిందకి చూసి గబగబా సంతకం పెట్టి ఇచ్చేసింది.

*

శుక్రవారం పొద్దున్న పెద్దసారు పిలిచాడు. ఆ శాఖలో ఆయన ఎవరి మీదా కేకలేసినట్టు ఎవరూ వినలేదు. ఫ్లాస్కులోంచి వేడినీళ్ళు పోసుకుని, ఊదుకుంటూ తాగుతాడు. కోప్పడితే దగ్గొస్తుందట.

“కూర్చో అమ్మాయ్.” కళ్ళజోడు తుడుచుకుని, టైపు చేసిన కాగితం ఒకటి అందుకుని చదివాడు. “‘మా అక్క పెట్టె విప్పి చూపించింది. లోపల నల్ల గిన్నె ఉంది. అయస్కాంతం ఉంది. చెవి లేదు. మామ్మ అల్లుడిని తిట్టింది. మా అమ్మ గట్టిగా ఏడ్చి తర్వాత నవ్వింది.’ చక్కగా రాసింది కదూ?”

నల్ల గిన్నె. ఆ మాట ఆమె ఇద్దరి ముందే అంది. ఇద్దరిలో ఒకరికే దస్తూరీ పుస్తకం ఉంది.

“నేను చెప్పింది నిజమే సార్,” అంది.

“నిజమే. ఎవరు కాదన్నారు? వినే విభాగం అంటూ మనకి లేనేలేదు. ఇంతమంది ఇళ్ళల్లో మాటలు కూర్చుని ఎవడు వింటాడమ్మా, పిచ్చెక్కదూ? వింటున్నారని వాళ్ళనుకుంటే చాలు. ఆ అనుకోవడం గోడకి బిగించడానికి మాకు ఏళ్ళు పట్టింది. నువ్వు నాలుగు స్క్రూలు విప్పేసి చేతిలో పెట్టేశావు.” నీళ్ళు ఊదుకున్నాడు. “నిన్ను పంపించేస్తే నువ్వన్నది నిజమేనని జనానికి తెలిసిపోతుంది. కాబట్టి నువ్వెక్కడికీ వెళ్ళవు.”

సొరుగులోంచి అట్టపెట్టె తీసి ఆమె ముందుకి జరిపాడు. నిండా చిన్న ఎర్ర లైట్లు, ఒక్కోదానికీ బొత్తామంత బ్యాటరీ. ఆమె ఒకటి తీసి చూసింది. పిల్లల బూట్లలో మెరుస్తాయే, ఆ లైట్లే. కాసేపు ఆరి ఉంటుంది, దానికి బుద్ధి పుట్టినప్పుడు మినుకుమంటుంది.

“దీన్ని దేనికి కలపాలి సార్?”

“దేనికీ వద్దు. మూతకి చిన్న బెజ్జం పెట్టి అతికించు, అంతే. మీ భవనంలో నలభై ఎనిమిది ఇళ్ళు. రేపు సాయంత్రానికి అయిపోతే, మీ బాబాయి ఆదివారం భోజనానికి ఇంట్లో ఉంటాడు.”

ఆమెకి బాబాయి గురించి ఇక్కడ ఎవరితోనూ చెప్పిన గుర్తు లేదు.

“ఎవరైనా ఇదేంటని అడిగితే?”

“తెలీదని చెప్పు. తెలీనట్టు చెప్పకు, దాస్తున్నట్టు చెప్పు. రెండు మూడు ఇళ్ళయ్యాక అదే వస్తుంది.”

*

మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేని వేళ చూసి ఆమె దస్తూరీ పుస్తకం వెతికింది. మిషను సొరుగులో, దారపు ఉండల మధ్య ఉంది. అట్ట మీద ‘మా ఇంటి మాట’ అని అచ్చేసి ఉంది. లోపలి అట్ట మీద చిన్న అక్షరాల్లో: ‘నిన్న మీ ఇంట్లో పెద్దలు ఏమనుకున్నారో మీ సొంత మాటల్లో రాయండి. రాత గుండ్రంగా ఉండవలెను.’

దాచలేదు. ఎవరూ ఏమీ దాచలేదు. ఏడాది నించీ ఈ పుస్తకం ఈ ఇంట్లోనే బల్ల మీద తిరుగుతోంది. అందరూ గోడ వైపు చూస్తున్నారు.

వెనక్కి తిప్పింది. బాబాయి కంచంలోకి చూస్తూ మాట్లాడిన ఆదివారం నాటి పేజీ దొరికింది. ‘మా నాన్న అన్నారు. బ్రేకు గొట్టాలు పంపమంటే బొమ్మలకి రంగు డబ్బాలు పంపారు. రంగు చూసి బస్సు ఆగుతుందేమో అన్నారు. మా అమ్మ నవ్వింది. నేను కూడా నవ్వాను.’ పక్కన ఎర్ర నక్షత్రం. సోమవారం సాయంత్రం పిచ్చుక వేలితో తడిమిన నక్షత్రం.

కింద పిన్ని సంతకం. సంతకం పక్కన నీలం సుద్ద వేలిముద్ర, గీతలన్నీ స్పష్టంగా.

ఆ పేజీ చింపేద్దామనిపించింది. ఏం లాభం, దాని నకలు ఎక్కడో టైపై ఉంటుంది. పుస్తకాన్ని మళ్ళీ దారపు ఉండల మధ్య పెట్టి, లైట్ల అట్టపెట్టె తీసుకుని ఎదురింటి తలుపు కొట్టింది.

“మళ్ళీ ఏమొచ్చిందే మా మొద్దుకి?” అంది మామ్మ, ఎప్పటిలా కాదు, నిజంగా గట్టిగా.

ఆమె స్టూలెక్కింది. చేతి డ్రిల్లుతో మూతకి బెజ్జం పెట్టింది. లైటు అతికించింది. సీలు వేసింది. కాసేపటికి అది మినుకుమంది.

మామ్మ దాని వంక చూసింది. “ఏంటే ఇది?”

“తెలీదు మామ్మా.”

పెద్దసారు చెప్పింది తప్పు. రెండు మూడు ఇళ్ళు అక్కర్లేదు. మొదటి ఇంట్లోనే వచ్చేసింది.

మామ్మ నడుం మీద చెయ్యేసుకుని మెల్లిగా లేచింది. నమస్కారం పెట్టింది. “దీర్ఘాయుష్మాన్ భవ,” అంది. తర్వాత ఆమెని తలుపు దాకా సాగనంపుతూ, ఊపిరి కంటే తక్కువ గొంతుతో అంది: “అల్లుడికి కన్ను కూడా వచ్చిందన్నమాట. నువ్వు కూడానా తల్లీ?”

శనివారం సాయంత్రానికి నలభై ఎనిమిదీ పూర్తయ్యాయి. భవనం నిశ్శబ్దంగా ఉంది. నలభై ఎనిమిదో లైటు తమ ఇంట్లోనే పెట్టింది. పిచ్చుక కింద నిలబడి, స్క్రూలు చేతిలో పట్టుకుని చూసింది.

“ఇది చెవా అక్కా?”

“కాదు.”

“మరేంటి?”

“తెలీదు,” అంది ఆమె.

*

ఆదివారం భోజనం వేళకి బాబాయి వచ్చాడు. చెప్పులు విప్పి వరసగా పెట్టాడు, రెండూ సమానంగా ఉన్నాయా లేదా అని వంగి చూసుకున్నాడు. అంతకు ముందు ఆయన చెప్పులు ఒకటి గుమ్మంలో, ఇంకోటి వంటింట్లో ఉండేవి. పిచ్చుక వెళ్ళి కాళ్ళు చుట్టేసుకుంటే నోటి మీద వేలు పెట్టి, పైకి చూపించాడు. ఎర్ర లైటు మినుకుమంది.

వంటింట్లో కుళాయి పూర్తిగా తిప్పి, దాని పక్కన నలుగురూ తలలు దగ్గరగా పెట్టుకుని కూర్చున్నారు. నీళ్ళ హోరులో బాబాయి చెప్పాడు:

“మాట మాటకీ అప్పజెప్పారు. గొట్టాలు, రంగు డబ్బాలు, రంగు చూసి ఆగుతుందేమో అన్నది. ఒక్క అక్షరం పోలేదు. నేను అన్నదాని కంటే వాళ్ళకే బాగా గుర్తుంది. మీ అమ్మ నవ్విందని కూడా చెప్పారు.”

“పెట్టెకి చెవి లేదంది ఇది,” అంది పిన్ని. “విప్పి చూపించింది.”

“లేదా?” బాబాయి తలెత్తాడు. “నిజంగా లేదా?”

నీళ్ళు పడుతున్నాయి. బాబాయి వేళ్ళు మడిచి లెక్కపెట్టాడు, నాలుగు వేళ్ళు. “అయితే ఆ రోజు ఇక్కడున్నది మనమే కదా.”

పిన్ని చూపు మెల్లిగా జరిగి ఆమె మెడలో వేలాడుతున్న శాఖ కార్డు మీద ఆగింది. “నువ్వు పనిచేసేది ఆ ఆఫీసులోనే కదే,” అంది. తిట్టినట్టు కాదు. ఇప్పుడే గుర్తొచ్చినట్టు. తర్వాత, “శుక్రవారం ఆ లైట్లు కూడా నీకే ఇచ్చారు,” అంది.

ఈ ఇంట్లో ఒకే కంచంలో తిన్న రోజులున్నాయి. నాలుగడుగులు వేస్తే మిషను సొరుగు. తీసి పేజీ తెరిచి పెడితే చాలు, ఇంకో మాట అక్కర్లేదు. అప్పుడు పిన్ని తన సంతకం చూసుకుంటుంది, తన వేలిముద్ర చూసుకుంటుంది. బాబాయి కూతురి వైపు చూస్తాడు. పిచ్చుక ఈ ఇంట్లో ఇంక ఎలా పెరుగుతుంది?

పిచ్చుక ఆమె ఒళ్ళోకి ఆనుకుని కూర్చుంది. కట్టు కట్టిన వేళ్ళతో ఆమె కార్డు పట్టుకుని ఆడుకుంటోంది.

“వింటుంది బాబాయ్,” అంది ఆమె.

“ఏంటి?”

“పెట్టె వింటుంది. మొన్న నేను చెప్పింది తప్పు. స్పీకరుని తిరగేసి కలిపితే అదే మైకు అవుతుంది. మొదటి సంవత్సరం లాబులో చేశాం కూడా. మనింటి లైను అలా కలిపి ఉంది. నాకు మొదట అర్థం కాలేదు.” గొంతు ఎక్కడా వణకలేదు, అదే ఆశ్చర్యం. “ఆ ఎర్ర లైటు వెలిగినప్పుడు వింటున్నట్టు.”

బాబాయి వదిలిన ఊపిరి నీళ్ళ హోరులో కూడా వినిపించింది. మడిచిన వేళ్ళు ఒక్కోటీ తెరుచుకున్నాయి. పిన్ని ఆమె తలని గుండెకి హత్తుకుంది.

“నిన్ను అనుమానించాను చూడు, బుద్ధి లేనిదాన్ని. ఏమనుకోకే తల్లీ.”

ఆ ఇంట్లో పద్దెనిమిది రోజుల తర్వాత మనశ్శాంతి అలా దొరికింది. వినేది పెట్టె. మనలో ఎవరూ కాదు.

పిచ్చుక మాత్రం కార్డు వదిలేసి ఆమె మొహంలోకి చూస్తోంది. స్టూలు మీద నిలబడి గోడ గీకి చూసిన వేలిని చొక్కాకి తుడుచుకుంది.

సాయంత్రం ఏడింటి వార్తల్లో బాబాయి గొంతు వచ్చింది. “నేను అవగాహన లేక అబద్ధాలు పలికాను. బస్సుల బ్రేకులు భేషుగ్గా ఉన్నాయి.” పెట్టె కింద కుర్చీలో కూర్చుని బాబాయి తన గొంతు తనే విన్నాడు, పరీక్షలో పేరు పిలుస్తున్నప్పుడు కూర్చున్న పిల్లాడిలా నిటారుగా. పిచ్చుక ఒకసారి నాన్నని చూసింది, ఒకసారి పెట్టెని చూసింది.

తర్వాత దస్తూరీ పుస్తకం తెచ్చుకుని ఆమె పక్కన కూర్చుంది. రేపు సోమవారం. పెన్సిలు చెక్కుకుంది. నోరు తెరవలేదు. తల్లి బల్ల మీంచి నీలం సుద్ద అందుకుని నల్ల గుడ్డ మీద రాసింది, గుండ్రంగా: ‘ఏం రాయాలి?’

ఆమె గొంతు సవరించుకుంది. గోడకి వినపడేంతగా అంది: “రాయి. మా నాన్న ఇంటికి వచ్చారు. మేమందరం సంతోషంగా ఉన్నాం. మా ఇంట్లో పెద్దలు ఎప్పుడూ మంచి మాటలే అనుకుంటారు.”

పిచ్చుక రాసింది. చివర చుక్క పెట్టి, మళ్ళీ సుద్ద తీసుకుంది. ‘పెట్టెలో చెవి ఉందా, లేదా?’

పిన్ని మిషను దగ్గర దారం ఎక్కిస్తోంది. బాబాయి కళ్ళు మూసుకుని ఉన్నాడు. ఆమె అరచేత్తో గుడ్డ తుడిచేసింది. చెయ్యి నీలమైంది.

“సున్నాలు సరిగ్గా చుట్టు,” అంది.

మంగళవారం ఆ పేజీకి రెండు నక్షత్రాలొచ్చాయి.

*

అదీ సంగతి. ఆ పెట్టె ఇప్పటికీ విప్పగలను, ఇప్పటికీ లోపల ఏమీ ఉండదు. అయినా ఇది రాస్తున్నంతసేపూ దాని మీద దిండు కట్టి ఉంచాను.

మీకూ ఇలాంటిది ఒకటి ఉండే ఉంటుంది. మీ ఇంట్లో ఎవర్ని కాపాడటానికి ఏ అబద్ధం ఆడారో, దాన్ని ఎవరు నమ్మారో, ఎవరు మీ మొహంలోకి చూసి నమ్మలేదో రాసి పంపండి. నిన్న మీ ఇంట్లో ఏమనుకున్నారో మీ సొంత మాటల్లో రాయండని ఆ బడివాళ్ళు అడిగినట్టే నేనూ అడుగుతున్నానని తెలుసు. అందుకే పేరు వద్దు, సంతకం వద్దు. రాత గుండ్రంగా లేకపోయినా పర్లేదు. ‘నేను’ అని రాయడానికి చెయ్యి ఆగితే, ‘ఆమె’ అని మొదలుపెట్టండి. నాకు అర్థమవుతుంది.